తీగ కట్టిన నోరు

ఇన్‌స్పెక్టర్ వివేక్‌లో ఒక మంచి గుణం ఉంది. తప్పు చేసినా పూర్తి నమ్మకంతో చేస్తాడు. ఆ ఉదయం కూడా అదే నమ్మకంతో నర్సు షారోన్‌ను స్టేషన్ మూలగదిలో కూర్చోబెట్టి, నన్ను చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

“రా లీలక్కా. ప్రైవేటు డిటెక్టివ్‌వి అయినంక మమ్మల్ని మరిచిపోయినవనుకున్న. ఛాయ్ తాగుతవా?”

వీడు కొత్తగా ఎస్సై అయి వచ్చిన రోజుల్లో నేను ఇదే స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని. పంచనామా ఎలా రాయాలో నేర్పింది నేనే. ఇప్పుడు నేను ఉద్యోగం వదిలేసి లాల్‌దర్వాజాలో గాజుల దుకాణం పైన ఆఫీసు పెట్టుకున్నాను. వాడు నాకు ఛాయ్ ఇప్పిస్తానంటున్నాడు.

“ఛాయ్ వద్దు. ఆ పిల్లతోని మాట్లాడాలె.”

“మాట్లాడు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందల పెడుతున్న. గప్పటిదాంక నీ ఇష్టం. కాకపోతే ఫికర్ ఎందుకక్కా, కేసు అయిపోయింది.”

వాడి లెక్కలో నిజంగానే అయిపోయింది. చనిపోయినవాడి పేరు షాహెద్. గేట్లకు వెల్డింగ్ చేసే కుర్రాడు. నయాపూల్ దగ్గర బండి మీద నుంచి పడి కింది దవడ విరగ్గొట్టుకున్నాడు. మౌక్తిక డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. పది రోజులు గడవకముందే ముఖం వాచి మళ్ళీ అక్కడికే వచ్చాడు. మంగళవారం ఉదయం వార్డులో చనిపోయాడు. చనిపోయేటప్పటికి వాడి పై పళ్ళూ, కింది పళ్ళూ కలిపి స్టీలు తీగతో బిగించి ఉన్నాయి. వాంతి వచ్చింది, నోరు తెరుచుకోలేదు, ఊపిరాడలేదు.

విరిగిన దవడ కదలకుండా అతుక్కోవడానికి అలా పళ్ళకు తీగ కట్టడం పాత పద్ధతే. కట్టినవాళ్ళ మంచం దగ్గర ఒక చిన్న కట్టర్ ఎప్పుడూ ఉండాలి. వాంతి వస్తే క్షణం ఆలోచించకుండా తీగ తెంపాలి. షాహెద్ మంచం దగ్గర కట్టర్ లేదు. డ్యూటీ నర్సు షారోన్ ఆ సమయానికి వార్డులో లేదు. ఆసుపత్రి వాళ్ళు ఫిర్యాదు రాసిచ్చారు, వివేక్ నిర్లక్ష్యం కేసు కట్టాడు.

విచిత్రమేమిటంటే ఈ కేసులో నన్ను పెట్టుకున్నది షారోన్ తరఫు వాళ్ళు కాదు. చనిపోయినవాడి తల్లి షౌకత్ బీ. కొడుకును మట్టిలో పెట్టిన సాయంత్రమే నా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. “ఆ నర్సు పిల్లను ఇడిపియ్యి లీలమ్మా,” అంది. “నా కొడుకు నోరు బంద్ లేకుండె. మొన్న శుక్రవారం, జుమ్మా రోజు ఇంట్ల కిచిడీ, కీమా తిన్నడు. పండ్లకు తీగ ఉంటే కీమా ఎట్ల నములుతడు?”

మూలగదిలో షారోన్ యూనిఫారంలోనే ఉంది. రెండు రోజుల నుంచీ అదే బట్టలు. ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. నన్ను చూసి లేవబోయింది.

“కూసో బిడ్డా. మంగళవారం పొద్దున నువ్వు డ్యూటీ ఎక్కినప్పుడు షాహెద్ ఎట్లున్నడు?”

“మస్తు ఖరాబుగ ఉన్నడు ఆంటీ. గదుమ కింద మెడ అంత వాచి గట్టిగైంది. ఉమ్ము కూడ మింగలేకపోతుండె. నోరు రెండు వేళ్ళ మందం తెరిచి పెట్టుకొని ఊపిరి తీసుకుంటుండె.”

“తీగలు?”

“లేవు. దేవుని తోడు, లేవు. ఆయనకు తీగలు ఎన్నడు కట్టలే. అందుకే మంచం దగ్గర కట్టర్ పెట్టలే. కట్టనోనికి కట్టర్ ఎందుకు పెడ్తం?”

“వార్డు ఇడిచి ఎందుకు పోయినవ్?”

“నిఖిలేష్ సార్ వార్డుకు ఫోన్ చేసిండు. మా పెద్ద డాక్టరు. ఇంజెక్షన్ లోపల స్టాక్ లేదు, బయట మెడికల్ షాపుల నువ్వే పోయి తే అన్నడు. అది నా పని కాదు, వార్డు బాయ్ పని. కానీ పెద్ద సార్ చెప్తే కాదంటనా? పోయిన. షాపుల ఆలస్యమైంది. వచ్చేసరికి...” ఆమె తలుపు వైపు చూసింది. “వచ్చేసరికి నోరు మూసి ఉంది ఆంటీ. తీగలు కట్టి ఉన్నయి. చేతులు గొంతు మీదనే ఉన్నయి, మనిషి కదులుతలేడు. కట్టర్ కోసం పక్క వార్డుకు ఉరికిన. తెచ్చేసరికి నిఖిలేష్ సార్ మంచం కాడ నిలబడి, అయిపోయింది, పోలీసు కేసు అయితది, ఎవ్వరు ముట్టుకోవద్దు అన్నడు.”

వెనక నుంచి వివేక్ నవ్వాడు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. “కథ మంచిగున్నది గదా అక్కా? ఆసుపత్రి కంప్యూటర్ల మొదటి రోజు నుంచి వానికి తీగ వైద్యమే అని ఉన్నది. గేటు కెమెరాల ఈమె బయటికి పోవుడు ఉన్నది. ఇంగేం కావాలె?”

“పోస్ట్‌మార్టం రిపోర్టుల మెడల చీము ఉన్నదని రాసిన్రు. చదివినవా?”

“చదివిన. చీముతోని చావలే. వాంతితోని చచ్చిండు.”

“ఆ చీము యాడికెల్లి వచ్చింది?”

“నేను డాక్టర్‌నా?” అని నన్ను బయటికి పంపి, మూలగది తలుపు దగ్గరగా వేశాడు.

బయట బెంచీ మీద షౌకత్ బీ కూర్చుని ఉంది. లోపల షారోన్ ఏడుపు ఆమెకు వినబడే ఉంటుంది. నన్ను చూసి బురఖా లోపలి నుంచి కాటుక పెట్టుకునే ఒక చిన్న సుర్మా డబ్బీ తీసింది.

“నిన్న నీకు ఇయ్యలే. ఇయ్యబుద్ధి కాలే,” అంది. “వాన్ని ఆఖరి స్నానం చేయించేటప్పుడు, మా మసీదుల ఆ పని చేసే దస్తగీర్ భాయ్ అడిగిండు, నోట్ల ఇనుము ఉన్నది షౌకత్ ఆపా, గిట్లనే పంపుదమా అని. నేను వద్దన్న. నా కొడుకు అల్లా ముందల నోరు కట్టేసుకొని నిలబడొద్దు అన్న. ఆయన తెంపి తీసి ఇచ్చిండు.”

డబ్బీలో తడి ఆరిన చిన్న గుడ్డ, అందులో సన్నని తీగ ముక్కలు ఉన్నాయి. మెలితిప్పిన ప్రతి ముక్క చివరా శనగగింజంత తెల్లని ముద్ద అంటుకుని ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఒకటి మరిచిపోయారు. శవాన్ని ఎలా పంపితే అలాగే మట్టిలో పెడతారనుకున్నారు. మనిషిని కడిగి, నోరు తుడిచి, శుభ్రం చేసి పంపే ఇళ్ళు ఉంటాయని వాళ్ళకు తట్టలేదు.

అప్పటికి నాకు తోచింది ఒకటే. షాహెద్ మెడలో చీముతోనే ఊపిరాడక చచ్చిపోయాడు, వాంతి ఆ పెనుగులాటలోనే అయి ఉంటుంది, చచ్చిన తర్వాత ఎవరో నోటికి తీగ కట్టారు. ఎందుకు కట్టారో తెలుసుకుంటే షారోన్ బయటికి వస్తుంది. సాయంత్రం లోపు తెలుసుకోకపోతే ఆ పిల్ల చంచల్‌గూడ జైలుకు పోతుంది. షౌకత్ బీని ఆటోలో ఎక్కించుకుని నేరుగా మౌక్తికకు వెళ్ళాను.

వార్డు మొదటి అంతస్తులో ఉంది. షౌకత్ బీ కింద బెంచీ మీదే ఉండిపోయింది, ఆ మెట్లు ఎక్కలేనంది. పైన నన్ను ఆపింది ఒక జూనియర్ డాక్టరు. పేరు అమల. ఇక్కడే సర్జరీలో పీజీ చేస్తోంది, ఆఖరి సంవత్సరం. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. షౌకత్ బీ తరఫున వచ్చానని చెప్పగానే ఆపడం మానేసి, ఏమీ అడగకుండా నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

షాహెద్ మంచం ఖాళీగా ఉంది. అటూ ఇటూ ఉన్న మంచాల మీద ఇద్దరు మగవాళ్ళు పళ్ళు బిగించి, మూతి ముడిచి నన్ను చూస్తున్నారు. తీగ కట్టినవాళ్ళు, షాహెద్ పోయాకే ఈ మంచాల మీదికి వచ్చారట. వాళ్ళ తల దగ్గర గోడకు ఒక్కో మేకు, మేకుకు కట్టుగుడ్డతో వేలాడదీసిన చిన్న కట్టర్. షాహెద్ మంచం తల దగ్గర కూడా మేకు ఉంది. కట్టర్ లేదు.

వివేక్ ఇంత వరకూ చూసి వెళ్ళిపోయి ఉంటాడు. నేను వంగి చూశాను. పక్క మంచాల మేకులు తుప్పు పట్టి, మీద సున్నం పూతలు పడి ఉన్నాయి. షాహెద్ మంచం మేకు మిలమిల మెరుస్తోంది. మంచం వెనక నేల మీద గోడ పెచ్చు రాలిన తెల్లపొడి ఇంకా ఊడ్వలేదు.

“ఈ మేకు ఎప్పుడు కొట్టిన్రు?”

అమల మంచం మీది దుప్పటి సరిచేసింది. ఎవరూ పడుకోని మంచం మీద దుప్పటికి సరిచేయడానికి ఏముంటుంది?

“డాక్టరమ్మా, నాకు చదువు తక్కువ. కింద గోడ మీద బోర్డు చూసిన, ఈడ ఏదో రీసెర్చి నడుస్తున్నదంట. అది చెప్పు, అర్థమయ్యేటట్టు.”

ఆమె మెల్లిగా చెప్పింది. ఒక కంపెనీ ఒంట్లో కరిగిపోయే ప్లేటు తయారుచేసింది. విరిగిన దవడకు దాన్ని స్క్రూలతో బిగిస్తే పళ్ళకు తీగ కట్టే బాధ ఉండదు, మర్నాటి నుంచే మెత్తని అన్నం తినవచ్చు, ఎముక అతుక్కున్నాక ప్లేటు తనంతట తానే కరిగిపోతుంది. అది పాత తీగ పద్ధతి కంటే మేలా కాదా అని ఇక్కడ పరీక్షిస్తున్నారు. ఒప్పుకున్న రోగుల్లో సగం మందికి ప్లేటు, సగం మందికి తీగ.

“ఎవరికి ఏదో ఎవరు చెప్తరు?”

“ఎవ్వరం చెప్పం మేడం. కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తది. ఒకసారి పడినంక మార్చొద్దు. ప్లేటు పడినోనికి ఏమైనా సరే, ప్లేటు లెక్కలనే రాయాలె. మంచైనా, చెడ్డైనా.”

“ప్లేటు పడినోనికి ప్లేటు ఇరిగి, చీము పడితే?”

“అది కూడ ప్లేటు లెక్కలనే,” అంది. ఆ మాట అంటూ ఖాళీ మంచం వైపు చూసింది.

“ఎక్స్‌రే తీస్తే ప్లేటు కనబడుతది గదా?”

“కరిగే ప్లేటు ఎక్స్‌రేల కనబడదు మేడం. స్క్రూలు పెట్టిన బొక్కలు మాత్రం సన్నగ కనబడ్తయి, చూడనేర్చినోళ్ళకు.”

ఆ చివరి ముక్కతో నాకు మొత్తం అర్థమైంది. బాగా కోపం వచ్చింది. షాహెద్‌కు పడింది ప్లేటు. అది విరిగింది. కంపెనీ ప్లేటు వల్ల మనిషి చచ్చాడని రాయాల్సి వస్తుంది. కానీ ప్లేటు ఎక్స్‌రేలో కనబడదు. నోటికి నాలుగు తీగలు కట్టి కంప్యూటర్‌లో ఒక మాట మారిస్తే చచ్చినవాడు ఇటు నుంచి అటు పక్కకు వెళ్ళిపోతాడు. ప్లేటు గెలుస్తుంది, తీగ ఓడిపోతుంది. ఒక్క శవంతో రెండు పనులు. తప్పంతా కట్టర్ పెట్టని నర్సుది.

సుర్మా డబ్బీ తెరిచి తీగ ముక్క అమలకు చూపించాను. “ఈ తెల్ల ముద్ద ఏంది?”

ఆమె దాన్ని చూసి అడుగు వెనక్కి వేసింది.

“మైనం మేడం. తీగ మెలి తిప్పినంక కొస సూదిలెక్క ఉంటది. పెదవి లోపలికి గుచ్చుకుంటది. గుచ్చుకోకుంట దానిమీద...”

మాట మధ్యలోనే ఆగిపోయింది.  శవానికి తీగ కట్టినవాడు పెదవికి గుచ్చుకుంటుందని మైనం పెడతాడా? చచ్చినవాడి పెదవి గురించి ఎవరికి దిగులు? ఈ తీగ కట్టేటప్పుడు షాహెద్ బతికే ఉన్నాడు. మెడ నిండా చీముతో, నోటితో ఊపిరి లాగుతున్న మనిషికి, బతికుండగానే నోరు మూశారు. నేను వెతుకుతున్నది దొంగ లెక్క అనుకున్నాను. ఇది హత్య.

“మేడం, ఒక్క నిమిషం ఆగుండ్రి. మీతోని ఒకటి చెప్పాలె,” అంది అమల.

“తర్వాత చెప్పు బిడ్డా. మీ నిఖిలేష్ సార్ గది ఏది?”

ఆమె చెయ్యి చాపి చూపించింది. ఇంకేదో అనబోయింది కానీ నేను అప్పటికే నడవాలో ఉన్నాను. పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినా నాకు ఈ తొందర పోలేదు.

డాక్టర్ నిఖిలేష్ గదిలో వివేక్ నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ముందు ప్లేటులో సమోసాలు. బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె ఒకటి దవడ తెరుచుకుని ఉంది. నిఖిలేష్‌కు యాభై లోపే. బట్టలు, మాట, నవ్వు అన్నీ ఇస్త్రీ చేసినట్టుంటాయి.

“కూర్చోండి మేడం. ఇన్‌స్పెక్టర్ గారు మీ గురించే చెబుతున్నారు. మీకు క్లినికల్ రీసెర్చి గురించి ఏమైనా సందేహాలుంటే అడగండి.”

“సందేహాలు లేవు డాక్టర్ సాబ్. షాహెద్‌కు పడింది ప్లేటు. అది ఇరిగింది. మీరు వాన్ని తీగ లెక్కల కలిపిన్రు.”

“లీలక్కా!” అన్నాడు వివేక్ సమోసా చేతిలో పట్టుకుని.

నిఖిలేష్ నవ్వు చెదరలేదు. “కంప్యూటర్ రికార్డు చూడండి. ఎక్స్‌రే చూడండి. ప్లేటు ఎక్కడుంది?”

“ఎక్స్‌రేల కనబడని ప్లేటును ఎక్స్‌రేల చూడమంటున్నరు. మస్తు తెలివి. మరి గోడకు మేకు నిన్ననో మొన్ననో ఎందుకు కొట్టిచ్చిన్రు? తీగ కట్టిన మంచమైతే మొదటినుంచే ఉండాలె గదా?”

“పాత మేకు ఊడిపోయి ఉంటుంది. ఆసుపత్రిలో మేకుల సంగతి కూడా నేను చూడాలా?”

“సరే. నర్సును మెడికల్ షాపుకు ఎందుకు పంపిన్రు?”

“రోగికి మందు కావాలి కాబట్టి. ఆమె వెళ్ళేటప్పుడు వార్డు ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి. వెళ్ళలేదు. ఆ తర్వాత నేను పై అంతస్తులో క్లాసులో ఉన్నాను. విద్యార్థులను అడగండి. కిందికి దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.”

ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉంది. వివేక్ ప్రతి జవాబుకూ తల ఊపుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సుర్మా డబ్బీ తీసి పుర్రె పక్కన బోర్లించాను.

“ఇవి షాహెద్ నోట్ల తీగలు. స్నానం చేయించినోళ్ళు తీసిన్రు. చూసినవా వివేక్? కొసల మీద మైనం ఉన్నది. పెదవికి నొప్పి పుట్టొద్దని పెట్టేది. అంటే వాడు బతికున్నప్పుడే కట్టిన్రు. నర్సును బయటికి పంపినంక కట్టిన్రు. ఊపిరాడనోని నోరు మూసిన్రు. కట్టర్ లేకుండ ఇడిచిపెట్టిన్రు. ఇది నిర్లక్ష్యం కాదు.”

వివేక్ సమోసా కింద పెట్టాడు. మొదటిసారి వాడి ముఖంలో పోలీసు కనబడ్డాడు. “డాక్టర్ సాబ్, ఇది నిజమేనా?”

నిఖిలేష్ నవ్వు ఆగిపోయింది. అది చాలదా నాకు? అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. గెలిచానన్న సంబరంలో ఇంకొక్క ప్రశ్న అడిగాను.

“చెప్పుండ్రి. మీ దగ్గర గిట్ల మైనం పెట్టేది ఎవరు?”

అడగగానే అతని కళ్ళలో ఏదో వెలిగింది. పెన్ను కొసతో తీగ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఎంతో బాధపడుతున్నట్టు నిట్టూర్చాడు.

“మేమందరం కొస వంచి వదిలేస్తాం. మాకు అంత తీరిక ఉండదు. రోగి నొప్పి గురించి ఇంత ఆలోచించేది మా డిపార్టుమెంటులో ఒక్కరే ఉన్నారు.” ఫోను తీశాడు. “డాక్టర్ అమలను పంపించండి.”

అమల వచ్చింది. బల్ల మీది తీగలు చూసి, నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది.

“నువ్వే కట్టినవా?” అడిగాడు వివేక్.

“నేనే కట్టిన సార్.”

“ఎందుకు?”

“నిఖిలేష్ సార్ చెప్పిన్రు. క్లాసుకు పోతూ మెట్ల కాడ చెప్పిన్రు. ప్లేటు ఇరిగింది, ఎముక కదులుతున్నది, కదలకుంట తీగ కట్టు, మధ్యాహ్నం థియేటర్‌ల చీము తీద్దమన్నరు. మెడ వాచి ఉన్నది సార్, ఊపిరికి కష్టమైతది అన్న. నాకు నేర్పుతున్నవా అన్నరు. కట్టర్ అడిగిన. నా జేబుల ఉన్నది, నేను వచ్చి కూసుంట, నువ్వు ఓపీకి పో అన్నరు.” ఆమె బల్ల మీది ఒక తీగ ముక్కను వేలితో ముట్టింది. “కట్టినంక షాహెద్ ఇటు పక్క గుచ్చుకుంటున్నదని వేలుతోని చూపించిండు. మైనం పెట్టిన. మంచిగైందన్నట్టు నా చెయ్యి పట్టుకున్నడు.”

 తర్వాత నిఖిలేష్ మాట్లాడాడు, చాలా మెత్తగా.

“అమలా, నేను నీకు మెట్ల దగ్గర అలా చెప్పడం ఎవరైనా విన్నారా?”

“లేదు సార్.”

“ట్రయల్ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించేది ఎవరు?”

“నేనే. కానీ నా పాస్‌వర్డ్ మీకు...”

“నీ థీసిస్ దేని మీద?”

ఆమె జవాబు కోసం ఆగకుండా అతనే వివేక్ వైపు తిరిగాడు. “ఇదే ట్రయల్ మీద ఇన్‌స్పెక్టర్ గారూ. ప్లేటు విఫలమైతే ఆమె థీసిస్ పోతుంది. చిన్నపిల్ల, ఆశపడింది. ఇంత పని చేస్తుందని నేను ఊహించలేదు. పాపం నర్సును అనవసరంగా అన్నాం.”

“అబద్ధం!” అన్నాను. “ఈ పిల్ల చెప్పేది నిజం. కట్టర్ అప్పుడు ఈయన జేబుల ఉన్నది. మంచం కాడికి వచ్చి చూసుకుంట నిలబడ్డడు.”

“సాక్ష్యం ఏదక్కా?” వివేక్ లేచాడు. “తీగ కట్టింది నేనే అని ఆమెనే ఒప్పుకుంటున్నది. లెక్క మార్చింది ఆమె కంప్యూటర్ మీదనే. మైనం పట్టుకొచ్చింది నువ్వే. మస్తు పని చేసినవ్, నిజంగ చెప్తున్న. నర్సును ఇప్పుడే ఇడిచిపెడ్త. నీకు కావల్సింది గదే గదా?”

అవును, నేను వచ్చింది అందుకే. షారోన్ ఇంటికి వెళ్తుంది. దాని కోసం, రోగి పెదవి గురించి ఆలోచించిన ఒకే ఒక్క డాక్టరును నా చేత్తో నేను అప్పగించాను. నిఖిలేష్ నాకు కుర్చీ చూపించి ఛాయ్ తెప్పించమంటారా అని అడిగాడు. వాడి దవడ పగలగొట్టి, దానికి ఏ ప్లేటు వేసుకుంటాడో చూడాలనిపించింది. చెయ్యలేదు. చేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

మహిళా కానిస్టేబుల్ అమలను మెట్ల మీద నుంచి దింపుతుంటే నేనూ వెంట దిగాను. కింద బెంచీ దగ్గర షౌకత్ బీ లేచి నిలబడింది.

“ఈ పిల్లనా?” అని అడిగింది నన్ను.

“తీగ కట్టింది ఈమెనే ఆపా. కట్టమన్నది ఇంకొకడు. మైనం పెట్టింది కూడ ఈమెనే.”

షౌకత్ బీ చాలాసేపు అమల ముఖం చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. “ఆఖరికి నా కొడుకు నీ చెయ్యి పట్టుకున్నడా?” అని మాత్రం అడిగింది. అమల తల ఊపింది. షౌకత్ బీ బురఖా అంచుతో ముఖం కప్పుకుంది.

జీపు దగ్గర అమల ఆగింది. కానిస్టేబుల్ తలుపు తీసేలోపు నా చెవి దగ్గరికి వంగింది.

“మేడం, నేను ఆగుమన్నది ఇందుకే. షాహెద్ ఒక్కడే కాదు. ఆడోళ్ళ వార్డుల ఖుష్బూ అని ఒక పిల్ల ఉన్నది. కాలేజీల చదువుతున్నది. ఆమె ప్లేటు కూడ ఇరిగింది, మెడ వాచింది. ఆమెకు కూడ తీగ కట్టమన్నరు సార్. నిన్న కట్టనన్న. పొద్దున మళ్ళ చెప్పిన్రు, మళ్ళ కట్టనన్న. కడితే అందరికి చెప్తనన్న.”

“మరి?”

“అందుకే సార్ నా పేరు గంత జల్ది చెప్పిన్రు. ఇగ ఆడ కాదనేటోళ్ళు ఎవ్వరు లేరు మేడం.”

జీపు కదిలింది. వివేక్ ముందు సీట్లో ఉన్నాడు. పక్కన పరుగెడుతూ అద్దం మీద కొట్టాను. “ఆపు వివేక్! పైన ఇంకో పిల్ల ఉన్నది! పోనియ్యకు!” వాడు అద్దం కొంచెం దించి, “రేపు స్టేషన్‌కు రా అక్కా, మాట్లాడుదం,” అన్నాడు. అద్దం మళ్ళీ పైకి లేచింది.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం ఖాళీగా ఉంది. దిండు మీద ఇంకా తల పెట్టిన గుంట ఉంది. ఆయా నేల తుడుస్తోంది.

“ఖుష్బూ ఏది?”

“ఇప్పుడే సార్ వచ్చి థియేటర్‌కు తీసుకపోయిండమ్మా. వాళ్ళ అమ్మతోని సంతకం పెట్టిచ్చుకున్నరు. నోరు కడ్తరంట.”

థియేటర్ నడవా చివర ఉంది. తలుపు లోపల నుంచి గడియ వేసి ఉంది. తట్టాను, అరిచాను, వచ్చి అడిగే నాథుడు లేడు. పక్కన బెంచీ మీద ఖుష్బూ తల్లి కాబోలు, ఒకామె నన్ను చూసి భయపడి లేచింది. “ఏమైందమ్మా? పెద్ద డాక్టర్ సాబే చేస్తున్నడు గదా, ఇంగ ఫికర్ లేదన్నరు,” అంది.

ఆమెకు ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఉంటే వెనక ఆయాసం వినిపించింది. ఈ మెట్లు ఎక్కలేనన్న షౌకత్ బీ ఎక్కి వచ్చింది. జీపు వెంట పరుగెడుతూ నేను అరిచింది ఆమె విన్నట్టుంది. ఖుష్బూ తల్లి ముఖం ఒకసారి చూసింది. నన్ను పక్కకు నెట్టి, రెండు చేతులతో ఆ తలుపును బాదడం మొదలుపెట్టింది.

“ఖోలో!” అని అరిచింది. “అరే, ఖోలో! ఆ పిల్ల తల్లి ఈడనే ఉన్నది!”